ముద్దుపళనియు బెంగుళూరు నాగరత్నమ్మయు

ఫ్రాంసుదేశపు దక్షిణభాగమున 11వ శతాబ్దాంతము మొదలు 13వ శతాబ్దాంతము వఱకు ఓక్సితాను భాషలో ప్రేమగీతములు కట్టి పాడిన కవులకు ట్రూబదూరులని పేరు. వారిలో మొదటివాడుగా ఎన్నబడుచున్న అక్వితేను ప్రభువు తొమ్మిదవ విలియము గొప్ప రాజ్యమున కధిపతి. బెర్నార్టు ద వెంటడోర్నో, కోటలో రొట్టెలు కాల్చు సేవకుల యింట పుట్టినవాడని వాని పాతచరిత్ర చెప్పుచున్నది. ప్రభువును సేవకుడును ఒకే భాషలో, ఒకే రసమును పాడిన యా దేశమున స్త్రీలు కూడ కవిత్వము చెప్పిరి. దాదాపు ఇరువదిమంది స్త్రీకవుల పేర్లు నేటికిని నిలిచియున్నవి. వారిలో డియా సంస్థానపు ప్రభ్వి యొకతె. ఆమె పాటలు నాలుగైదు మాత్రమే మిగిలినవి. అందొకదానిలో ఆమె తన్నుపేక్షించిన ప్రియునుద్దేశించి, తన కులమును రూపమును నిష్కపటమైన మనస్సును లెక్కచేయని గర్వము నీ కెక్కడిదని నిలదీసినది. స్త్రీ రచించిన యోక్సితాను గీతములలో స్వరముతోగూడ మనకు దక్కినది అదియొక్కటే.

పురుషుడు స్త్రీని గుఱించి పాడుట లోకమున సర్వసాధారణము. పురుషుడే స్త్రీ గొంతు ధరించి పాడుటయు మన దేశమున క్రొత్త కాదు. మువ్వగోపాలుని నాయికలందఱు క్షేత్రయ్య నోటనే మాటలాడిరి. స్త్రీ తన నోటితో తానే పలికినప్పుడు మాత్రము వినువారి కనుబొమలు ముడివడును. ఆ పలుకు గ్రంథరూపము దాల్చినపుడు ఆ ముడి మఱింత బిగియును. ఈ సత్యమునకు తెలుగువారి చరిత్రలో తంజావూరి ముద్దుపళని కంటె గొప్ప నిదర్శనము లేదు. ఆమె కావ్యమును రక్షించినది మన బెంగుళూరి పేరు ఇంటిపేరుగా ధరించిన నాగరత్నమ్మ యగుటచే, ఈ పట్టణమున నివసించు తెలుగువారు ఆ వృత్తాంతమును ప్రత్యేకముగా తెలిసికొనవలసియున్నది.

తంజావూరి ఆస్థానము

1565లో విజయనగరమునకు కలిగిన విపత్తు పిమ్మట తెలుగు సరస్వతి కావేరీతీరమున కాపురము పెట్టినదని పెద్దలు చెప్పుదురు. తంజావూరు నాయకరాజులలో రఘునాథనాయకుడు స్వయముగా కవి. ఆయన సభలో రామభద్రాంబ, మధురవాణి యను విదుషీమణులు సంస్కృతమున కావ్యములు రచించిరి. ఆయన కుమారుడు విజయరాఘవనాయకుని కాలమున రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును, ఉషాపరిణయమును తెనుగున వ్రాసినది. క్షేత్రయ్య పదములును ఆ రాజుయొక్క సభనెఱిగినవే. 1673లో నాయకరాజ్యమంతరించెను. పిదప కొలదికాలమునకే ఏకోజీ తంజావూరిని వశపఱచుకొని భోసలవంశపు పాలనను నెలకొల్పెను. తమిళదేశమున మహారాష్ట్రరాజులు సింహాసనమెక్కి తెలుగు కవిత్వమును పోషించుట చరిత్రలో అరుదైన చిత్రము. ఏకోజీ కుమారుడు శాహజీ తెలుగున యక్షగానములు రచించెను. భాష యొకరిది, దేశమొకరిది, రాజ్యమొకరిది అను లెక్క ఆ కాలపువారికి అంతగా పట్టినట్లు కనబడదు.

ఆ వంశమున ప్రతాపసింహుడు 1739 మొదలు 1763 వఱకు రాజ్యము చేసెను. ముద్దుపళని ఆయన సభలోని విదుషి. ఆమె వేశ్యాకులమున జన్మించినది. ఈ మాటకు నేడున్న యర్థముతో ఆనాటి సంగతిని కొలువరాదు. కులస్త్రీలకు చదువు నిషిద్ధమైన కాలమున సంస్కృతాంధ్రములు, సంగీతము, నాట్యము, అలంకారశాస్త్రము గురుముఖమున అభ్యసించుటకు అవకాశము గలిగిన స్త్రీలు వారే. ఆస్తిని తమ పేర పెట్టుకొనుటకు, దానిని తమ కుమార్తెలకిచ్చుటకు, దేవాలయములకు పండితులకు దానములు చేయుటకు హక్కులు గలవారును వారే. ఆ స్వాతంత్ర్యమునకు వారు చెల్లించిన వెల యేమో కూడ చరిత్ర యెఱుగును; దానిని మఱచి వారి జీవితమును పూలబాటగా వర్ణించుట న్యాయము కాదు.

ముద్దుపళని తన కావ్యమునకు అవతారిక వ్రాసికొన్నది. కావ్యారంభమున వంశవర్ణనము చేయుట మన కవుల సంప్రదాయము. తండ్రి, తాత, ముత్తాతల పేర్లు వరుసగా వచ్చును. ఈమె అవతారికలో ముందునకు వచ్చినవారు స్త్రీలు. తంజనాయకి యందు గౌరవముతో కీర్తింపబడినది. తరువాత తన విద్యను, తన రూపమును, తాను చేసిన పండితసత్కారములను, తనకు కావ్యము లంకితమైన విషయమును ఆమె ఏమాత్రము సంకోచింపక చెప్పుకొన్నది. ఆత్మస్తుతి మగకవులకు అలంకారము. శ్రీనాథుడాదిగా ఎవ్వరు దానిని విడిచిరి? స్త్రీ చెప్పుకొన్నపుడు అది అహంకారమైనది. ఆమె ఆండాళ్ తిరుప్పావైని కూడ తెనిగించినది. శృంగారము, భక్తి యను రెండు పేర్లతో మనము వేఱుచేసి చూచు భావములు ఆమెకు ఒకే ఇంటి రెండు గదులు.

రాధికాసాంత్వనము

కావ్యము నాలుగాశ్వాసములు, పద్యములు 584. ఇళాదేవీయమని దీనికి మఱియొక పేరు. శుకమహర్షి జనకునకు చెప్పినట్లుగా కథ నడచును.

కథ చిన్నది. రాధ యిళాదేవిని పెంచి పెద్దచేసి, తనకు ప్రాణమైన కృష్ణునకే యిచ్చి వివాహము చేయును. క్రొత్త పెండ్లికూతురునకు ధైర్యము చెప్పుట, పెండ్లికొడుకును మృదువుగా వర్తింపుమని హెచ్చరించుట, ఇరువురిని కలిపి తాను వెనుకకు తప్పుకొనుట యన్నియు రాధయే చేయును. పెద్దఱికమునకు ఇది పరాకాష్ఠ. కాని తలుపు మూసికొన్న పిమ్మట ఆమెకు ఆ పెద్దఱికము నిలువదు. తాను చేసిన త్యాగము తన్నే దహింపగా ఆమె తపించును. చిలుకను దూతగా పంపును. కృష్ణుడు నవవధువు ప్రేమలో మునిగి తన్ను మఱచినాడని అలుగును. తనకు తానే చేసికొన్నదానికి ఎవరిని నిందింపవలెనో తెలియక అతనిని, ఇళను, విధిని, తన్ను కూడ నిందించును. తుదకు కృష్ణుడు వచ్చి యామె నూరడించును. అదియే సాంత్వనము.

అలంకారశాస్త్రమున అష్టవిధనాయికలు గలరు. చదువరులు సాధారణముగా ఒక్కొక్క నాయికను ఒక్కొక్క బొమ్మగా చూతురు: వాసకసజ్జిక గడపకడ నిలిచియుండును, ఖండిత కన్నులెఱ్ఱజేసికొనియుండును. ముద్దుపళని ఈ బొమ్మలన్నిటిని ఒక్క స్త్రీ హృదయమున నడిపించినది. ఆమె రాధ మొదట ప్రియుని వశము చేసికొన్న స్వాధీనపతిక. పిదప ఎదురుచూచు విరహోత్కంఠిత. పిదప కోపించు ఖండిత. కోపించి పంపివేసి పశ్చాత్తాపపడు కలహాంతరిత. ఈ మార్పులన్నిటికి మూలము ఆమె తానై చేసిన దానము. మన కావ్యములలో సవతి కయ్యములకు కొదువలేదు. సవతిని తానే తెచ్చుకొని, ఆమెయందు తల్లిప్రేమయు ఈర్ష్యయు ఒక్కసారి అనుభవించు నాయిక మాత్రము మాకు వేఱొకచోట కనబడలేదు.

ఇంకొక విశేషము గలదు. నాయిక నవయౌవన యగుట ప్రబంధములకు అలవాటు. ఇచట రాధ ప్రౌఢ, లోకమెఱిగినది, వయస్సు జారుచున్నదన్న స్పృహ గలది. ప్రియుడు చిన్నదానివైపు మొగ్గినపుడు పెద్దదాని మనస్సులో కదలు భయమును, పరిహాసము చేయకయు, జాలిపడకయు చెప్పుట సులభము కాదు. ప్రతాపసింహుని యంతఃపురమున ఇట్టి సంగతులను ముద్దుపళని కన్నులార చూచియుండునని ఊహింపవచ్చును. ఊహకు మించి చెప్పుటకు ఆధారములు లేవు. కవి జీవితమును కావ్యమునుండి కల్పించు దురభ్యాసము ట్రూబదూరుల చరిత్రకారులకును ఉండినది. 13వ శతాబ్దమున వ్రాయబడిన వారి గద్యచరిత్రలలో పెక్కు సంగతులు వారి పాటలనుండియే అల్లబడినవని నేటి పండితులు తేల్చిరి.

సంభోగవర్ణనములు ఈ కావ్యమున గలవు. అవి దాపఱికములేనివి. వానిని లేనట్లు నటించి గ్రంథకర్త్రిని సమర్థించుట పిరికితనము. మనుచరిత్రమందును, వసుచరిత్రమందును, శృంగారనైషధమందును అట్టివి గలవనియు, వానిని బోధించు గురువులు, చదువు శిష్యులు సిగ్గుపడక యర్థతాత్పర్యములు చెప్పుకొనుచున్నారనియు మాత్రము గుర్తుంచుకొనవలెను.

అచ్చులో తొలగిన పుటలు

19వ శతాబ్దమున మన తాటియాకులు అచ్చునెక్కినవి. 1887లో పైడిపాటి వేంకటనరసు రాధికాసాంత్వనమును ప్రకటించెను. అందు కొన్ని పద్యములు లేవు. అంతకంటె చిత్రమేమనగా అవతారికయే లేదు. కవయిత్రి తానెవరో, ఎవరి బిడ్డయో, ఏ సభలో ఏ గౌరవము పొందినదో చెప్పుకొన్న భాగమునే తొలగించినపుడు చదువరికి మిగులునది యింటిపేరులేని కావ్యము. శృంగారపద్యమును తీసివేసిన సంపాదకుని ఉద్దేశము అర్థము చేసికొనవచ్చును. వంశవర్ణనమును తీసివేసినవారి యుద్దేశమేమి?

పిదప కందుకూరి వీరేశలింగముపంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున ఈమెను గూర్చి ప్రస్తావించిరి. పాండిత్యమును ఒప్పుకొనిరి. కాని కావ్యమునందలి పెక్కుభాగములు స్త్రీనోట రాదగినవి కావనియు, స్త్రీలు వినదగినవి కావనియు తీవ్రముగా తీర్పుచెప్పిరి. పంతులుగారు సామాన్యులు కారు. 1881లో రాజమహేంద్రవరమున ప్రథమ వితంతువివాహము జరిపించి ఆంధ్రదేశమును కదిలించిన మహాపురుషుడు. 1890ల నాటి భోగముమేళముల వ్యతిరేకోద్యమమునకు ఆయన బాసట. ధనవంతుల వేడుకకు స్త్రీలను సరకుగా చూచు ఆచారముపై ఆయనకు గల రోషము ధర్మమైనది. ఆ రోషము ఆచారమును దాటి, ఆ కులమున పుట్టిన స్త్రీల విద్యపైకిని కవిత్వముపైకిని పోయినది. ఒక దుష్టాచారమును ఖండించుటకును, దానికి లోనైన స్త్రీ వ్రాసిన గ్రంథమును ఖండించుటకును గల భేదమును ఆ తరము సంస్కర్తలలో పలువురు పాటింపలేదు. సంస్కర్త యని పేరుపొందినవాని తీర్పు గనుక, సామాన్యుని నిందకంటె అది యెక్కువ బలముతో పనిచేసినది.

నాగరత్నమ్మ

నాగరత్నమ్మ 1878లో మైసూరు సంస్థానమున నంజనగూడులో జన్మించినది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి, తండ్రి న్యాయవాది. తండ్రి నీడ ఆమెకు దక్కలేదు. తల్లి పట్టుదలతో కుమార్తెకు సంస్కృతము, కన్నడము, తెలుగు, సంగీతము, నాట్యము నేర్పించి, బాల్యముననే కన్నుమూసి ఆమెను ఒంటరిని చేసినది. బెంగుళూరున మునిస్వామప్పగారియొద్ద ఆమె సంగీతశిక్షణము వృద్ధిపొందినది; ఆయన త్యాగరాజస్వామి శిష్యపరంపరలోనివారు. మైసూరు సంస్థానమునను బెంగుళూరునను పేరుతెచ్చుకొన్న పిమ్మట ఆమె చెన్నపురికి వెళ్లి స్థిరపడినది. వెళ్లినచోటికి ఈ యూరి పేరును తీసికొనిపోయినది. తెలుగుదేశము గాని, తమిళదేశము గాని ఆమెను బెంగుళూరు నాగరత్నమ్మ యనియే ఎఱుగును.

తంజావూరి చరిత్రకు సంబంధించిన తెలుగు గ్రంథమును చదువుచుండగా ఆమెకు ముద్దుపళని పేరు కనబడినది. అచ్చుప్రతిని సంపాదించి చదివి ఆనందించినది. పిమ్మట వ్రాతప్రతి యొకటి లభింపగా రెంటిని పోల్చి చూచినది. అప్పుడు అచ్చుప్రతిలోని లోపములన్నియు బయటపడినవి. ఇచట గమనింపదగినది ఆమె పద్ధతి. గ్రంథమును ప్రేమించి మాటలతో సరిపెట్టలేదు, మూలమును వెదకినది, పాఠములను సరిచూచినది, తొలగిన యవతారికను పద్యములను చేర్చినది, శ్రద్ధతో పీఠిక వ్రాసినది. 1910లో చెన్నపురి వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్సువారు దానిని ప్రకటించిరి. ప్రాచీనాంధ్రగ్రంథములకు స్త్రీలు సంపాదకత్వము వహించిన సంఘటనలు ఆ కాలమున వ్రేళ్లపై లెక్కింపదగినవి.

ఆ పీఠికలో ఆమె వీరేశలింగముపంతులుగారికి నేరుగా ప్రత్యుత్తరమిచ్చినది. సిగ్గు యనునది స్త్రీలకు మాత్రమే సహజమైన ధర్మమా, పురుషులకు అక్కఱలేదా యని యామె ప్రశ్న. ఆయన వేశ్యయని వ్రాసిన మాటలో కవయిత్రిని తూలనాడు తలంపే ఉన్నదని ఆమె గ్రహించినది. మగకవుల గ్రంథములలోను, పంతులుగారి సొంత రచనలలోను ఇంతకంటె ముదురువర్ణనలు గలవని ఉదాహరణపూర్వకముగా చూపినది. న్యాయవాదవృత్తియందున్న మాకు ఆ వాదన మిక్కిలి తృప్తినిచ్చినది. ప్రతివాది చెప్పిన ప్రమాణమును ప్రతివాదికే అన్వయించుట న్యాయస్థానములలో అన్నిటికంటె బలమైన యెత్తు. దానిని ఏ కళాశాలయు నేర్పని యొక స్త్రీ 1910లో ప్రయోగించినది.

ప్రభుత్వపు నిషేధము

గ్రంథము వెలువడగానే కోలాహలము బయలుదేఱినది. ఒక వేశ్య వ్రాసెను, మఱియొక వేశ్య ప్రకటించెను, ఇక గ్రంథమెట్లుండునో చెప్పవలెనా యను ధోరణిలో నాటి పత్రిక యొకటి వ్రాసినది. ఈ విమర్శలో గ్రంథమును గూర్చిన వాక్యమొక్కటియు లేదు. అంతయు గ్రంథకర్త్రి పుట్టుకను గూర్చియే. 1911లో ప్రభుత్వభాషాంతరకారుడు గోటేటి కనకరాజుపంతులు ఆక్షేపణీయములని నిర్ణయించిన భాగముల ఆధారముగా చెన్నపురి రక్షకభటశాఖ ప్రతులను స్వాధీనపఱచుకొనెను. వావిళ్లవారును పండితులును ప్రతిఘటించి విన్నపములు పెట్టిరి. ఈ కొలమానముతో కొలిచినచో తెలుగున ప్రాచీనకావ్యమనునదే మిగులదని వారు మొఱపెట్టిరి. ప్రభుత్వము వినలేదు. 1927లో వావిళ్లవారి గ్రంథాలయముపై మరల దాడి జరిగినది.

నాటి చట్టము స్వరూపమును కొంచెము వివరించుట అవసరము. 1860 నాటి భారతశిక్షాస్మృతిలోని 292వ సెక్షను అశ్లీలగ్రంథ ప్రకటనమును నేరముగా నెంచినది. అశ్లీలమనగా నేమో అది చెప్పలేదు. ఆ లోటును ఇంగ్లండులో 1868లో వచ్చిన హిక్లిను వ్యాజ్యపు తీర్పు తీర్చినది. చెడుప్రభావములకు లొంగు మనస్సుగల వ్యక్తి చేతికి ఈ గ్రంథము చిక్కినచో వానిని చెఱుపునా యనునదే ఆ పరీక్ష. ఇందు రెండు దోషములు గలవు. మొదటిది, గ్రంథమును మొత్తముగా గాక విడివిడి వాక్యములుగా త్రెంచి చూచుటకు అది వీలిచ్చినది. రెండవది, చదువరులలో అందఱికంటె బలహీనుడైనవానిని ప్రమాణముగా తీసికొన్నది. అజీర్ణరోగికి సరిపడదని ఊరివారందఱికి పప్పన్నము నిషేధించినట్లే ఇదియు. దేవాలయములపైని, రథములపైని చెక్కిన బొమ్మలకు ఆ సెక్షనులోనే మినహాయింపు గలదు. ఱాతిలో చెక్కిన శృంగారమునకు రక్షణ, తాటియాకుపై చెక్కిన శృంగారమునకు శిక్ష!

నిషేధకాలమంతయు నాగరత్నమ్మ ఊరక కూర్చుండలేదు. తిరువయ్యారున శిథిలమైయున్న త్యాగరాజస్వామి సమాధిని పునరుద్ధరించుటకు 1921లో శంకుస్థాపనము జరిపించి, తన యార్జితమును ధారవోసి యాలయము కట్టించినది. ఆరాధనోత్సవమున స్త్రీలు పాడరాదన్న నియమమును ఎదిరించి, స్త్రీలచేత పాడించినది. దేవదాసీకులమును చట్టముచే రద్దుచేయవలెనన్న యాందోళన వచ్చినపుడు 1927లో చెన్నరాష్ట్ర దేవదాసీసంఘమునకు ముందుండి, తమ కులమువారి విద్యకును ఆస్తికిని భంగము కలుగకుండ చూడుమని వాదించినది. ఈ విషయమున ఆమె వాదము సంపూర్ణముగా న్యాయమని మేము చెప్పజాలము. డాక్టరు ముత్తులక్ష్మిరెడ్డిగారు అదే వ్యవస్థలో బాలికలు నలుగుట చూచి పోరాడిరి. వారి పక్షమున సత్యమధికము. అయినను సంస్కరణసభలలో ఎవరిని గూర్చి తీర్మానములు జరుగుచున్నవో వారి గొంతు వినబడవలెనన్న నాగరత్నమ్మ పట్టు మాత్రము త్రోసిపుచ్చరానిది.

1947వ సంవత్సరము ఈ కథలో రెండుమార్లు వచ్చును. టంగుటూరి ప్రకాశంపంతులుగారి పూనికచే ఆ సంవత్సరమున రాధికాసాంత్వనముపై నిషేధము తొలగినది. అదే సంవత్సరమున దేవదాసీ సమర్పణమును నిషేధించు చెన్నరాష్ట్రచట్టము పుట్టినది. కవయిత్రికి విడుదల, ఆమె కులవ్యవస్థకు ముగింపు ఒక్కమాఱే లభించినవి. రెండును జరుగవలసినవే. ముప్పదియాఱేండ్ల క్రిందనే ఈ భేదమును గుర్తించియున్నచో, ఆచారము ముందుగా పోయి కావ్యము ముందుగా నిలిచియుండును. వావిళ్లవారు 1952లో గ్రంథమును పునర్ముద్రించిరి. ఆ సంవత్సరమే మే నెలలో నాగరత్నమ్మ పరమపదించినది. ఆమె సమాధి తిరువయ్యారున త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగానే యున్నది.

చట్టము గడచిన దారి

నిషేధము తొలగినంతమాత్రమున చట్టము మారలేదు. స్వతంత్రభారతమున 1964లో ఉన్నతతమన్యాయస్థానము రంజిత్ ఉదేషీ వ్యాజ్యమున హిక్లిను పరీక్షనే స్వల్పభేదములతో గ్రహించినది. 1969లో పార్లమెంటు 292వ సెక్షనును సవరించి, సాహిత్యము, కళ, శాస్త్రము, విద్య మొదలగువాని నిమిత్తమై లోకహితముగా ప్రకటించిన గ్రంథములకు మినహాయింపు చేర్చినది. 2014లో అవీక్ సర్కారు వ్యాజ్యమున హిక్లిను పరీక్షను న్యాయస్థానము విడనాడి, సమకాలీన సమాజప్రమాణములను అనుసరించి, వస్తువును మొత్తముగా చూడవలెనని తీర్పునిచ్చెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఈ విషయము 294వ సెక్షనుగా నున్నది. గ్రంథమును సమగ్రముగా చూడుడని నాగరత్నమ్మ చెప్పిన వాదము న్యాయస్థానముల వాకిలి దాటి లోపలికి పోవుటకు నూఱేండ్లు పట్టినది.

సమాజప్రమాణమనునది కూడ రెండంచుల కత్తియే. 1911 నాటి సమాజమును ప్రమాణముగా పిలిచియున్నచో, ముద్దుపళని తప్పక ఓడియుండెడిది. ప్రజల రుచియే న్యాయాధిపతి యైనపుడు ఆ రుచిని పెంచుట చదువుకొన్నవారి విధి యగును. ఆ విధిని నిర్వర్తించుట చట్టముచేత కాదు, పాఠశాలలచేతను గ్రంథాలయములచేతను కావలెను.

మన కర్తవ్యము

1991లో సుశీ థారు, కె. లలితగార్లు సంపాదించిన స్త్రీరచనల ఆంగ్లసంకలనము ముద్దుపళని వృత్తాంతమును దేశమునకంతకు చాటినది. 2011లో కావ్యమునకు ఆంగ్లానువాదము వెలువడినది. ఇది సంతోషకరమే. కాని తెలుగు కవయిత్రిని ఆంగ్లమునుండి తెలిసికొను తెలుగు విద్యార్థులు మనలో పెరుగుచున్నారు. ఇది యేమంత గౌరవము కాదు. ఓక్సితాను భాషకు పట్టిన గతి యిచట జ్ఞప్తికి వచ్చును. 1209లో దక్షిణఫ్రాంసుపై సాగిన దండయాత్రచే అచటి ప్రభుసభలు క్షీణింపగా ట్రూబదూరుల పోషణమడుగంటినది. వారి పాటలు ఇటలీ మొదలగు పరదేశములలో వ్రాయబడిన ప్రతులలో పెక్కు నిలిచినవి. సొంత యింటిలో ఆ భాష మెల్లగా ఇంటిపనులకు పరిమితమైనది. 19వ శతాబ్దమున మిస్త్రాలు మొదలగు కవులు దానిని మరల కావ్యపీఠమెక్కింప యత్నించిరి. మిస్త్రాలునకు 1904లో నోబెలు బహుమానము లభించినది. పరుల గౌరవము వచ్చినది గాని, పోయిన వాడుక సంపూర్ణముగా తిరిగిరాలేదు.

మన పరిస్థితి అంత యధ్వాన్నము కాదు. మన భాషను మాట్లాడువారు కోట్లకొలది గలరు. తంజావూరు సరస్వతీమహలులో తెలుగు తాళపత్రములు భద్రముగా నున్నవి. కావలసినది శ్రద్ధ. మొదటిది, ముద్దుపళని కావ్యమును పాఠభేదములతో, అవతారికతో, నాగరత్నమ్మ పీఠికతో కూడ విద్యార్థులకు సులభమైన వెలకు అందుబాటులో నుంచవలెను. పీఠికలేని కావ్యము మరల ఇంటిపేరు కోల్పోవును. రెండవది, కళాశాలల తెలుగు పాఠ్యప్రణాళికలలో పారిజాతాపహరణము ప్రక్కన రాధికాసాంత్వనమునుండి భాగములు చేర్పవలెను. సత్యభామ యలుకయు రాధ యలుకయు ప్రక్కప్రక్కన చదివిన విద్యార్థికి, పురుషుడు వ్రాసిన మానమునకును స్త్రీ వ్రాసిన మానమునకును గల తారతమ్యము ఏ యుపన్యాసమును లేకయే తెలియగలదు. మూడవది, ఈ బెంగుళూరి తెలుగు సంఘములవారు ఏటేట జరుపు సాహిత్యసభలలో నాగరత్నమ్మను గాయనిగా మాత్రమే గాక గ్రంథసంపాదకురాలుగా కూడ స్మరింపవలెను. ఆమె కన్నడదేశమున పుట్టి, తమిళదేశమున జీవించి, తెలుగుకావ్యమునకై పోరాడినది. మూడు భాషలవారును కలిసి నివసించు ఈ పట్టణమునకు ఇంతకంటె తగిన యాదర్శము వేఱొకటి మాకు తోచుటలేదు.

త్యాగరాజస్వామి సమాధికడ ప్రతియేటను వేలకొలదిజనులు చేరి పాడుచున్నారు. ఆ యాలయమును కట్టించిన చేయియే రాధికాసాంత్వనమునకు అచ్చుచిత్తులు దిద్దినది. ఒక పనికి మ్రొక్కి రెండవదానికి మొగము త్రిప్పుకొనుట ఆమెకు మనము చేయు అన్యాయము. ఆ రెండవ ఋణమును గూడ తీర్చుటకు తెలుగువారు పూనుకొందురని మేము ఆశించుచున్నాము.